ల్యాబులో ఐపీ రావట్లేదా? సర్వర్ మీద పడేముందు ల్యాన్ కార్డు సంగతి చూడండి

“సార్, డీహెచ్‌సీపీ సర్వర్ పోయింది. ఒక్క సిస్టమ్‌కీ ఐపీ రావట్లేదు.”

ల్యాబు నుంచి ఈ ఫోన్ వచ్చినప్పుడల్లా నా మొదటి ప్రశ్న ఒకటే. “సర్వర్ సంగతి తర్వాత చూద్దాంగానీ, దాని వెనకాల కేబుల్ పెట్టేచోట లైటు వెలుగుతోందా అమ్మా?” అవతల కాసేపు చప్పుడుండదు. బల్లకిందికి వంగి చూస్తున్నారన్నమాట.

పల్నాడులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబులు, నెట్‌వర్క్ చూసుకునే పని నాది. డీహెచ్‌సీపీ సర్వరంటే ల్యాబు సిస్టమ్‌లకి ఐపీ అడ్రస్‌లు, అంటే నెట్‌వర్క్‌లో వాటి గుర్తు నంబర్లు, పంచే ప్రోగ్రామ్. సర్వర్ పోయిందని నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువశాతం సర్వర్ ప్రోగ్రామ్ తప్పేమీ ఉండదు. ఆ యంత్రానికున్న ల్యాన్ కార్డు దానికే కనబడకపోవడమో, కొత్త పేరుతో కనబడటమో జరిగుంటుంది. ఈ రెండోది మహా గడుసుది, అన్నీ పచ్చగా చూపిస్తూనే పని ఎగ్గొడుతుంది. అందుకే ఈ రాతలో దానికి విడిగా ఒక పెద్ద భాగమే ఇచ్చాను.

ముందు మా అమరిక చెబుతాను, మీదీ ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఒక పాత డెస్క్‌టాప్ మీద ఉబుంటు సర్వర్. రెండు ల్యాన్ కార్డులు. మదర్‌బోర్డు మీదున్నది బయటి ఇంటర్నెట్ లైనుకి, స్లాటులో విడిగా బిగించింది ల్యాబు స్విచ్‌కి. ల్యాబు వైపు కార్డుకి 10.10.0.1 అని స్థిరంగా ఇచ్చాం. ల్యాబు సిస్టమ్‌లకి 10.10.0.100 నుంచి 10.10.0.200 దాకా పంచే పని ఐఎస్‌సీ డీహెచ్‌సీపీ సర్వర్‌ది. కమాండ్లని మా అసిస్టెంట్లకి ఫోనులో ఎలా చెబుతానో అలాగే, పలికే తీరులో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు మాత్రం అన్నీ చిన్నక్షరాలు.

169.254 ఏం చెబుతోంది

విండోస్ సిస్టమ్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ కొట్టండి. 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, అది పనికొచ్చే కబురే. ఆ సిస్టమ్‌కి ల్యాన్ కార్డు ఉంది, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్) పడింది, కేబుల్ కూడా ఎక్కడో ఒకచోట తగిలింది, కానీ అడ్రస్ అడిగితే ఎవరూ పలకలేదు, అందుకని తనకు తానే ఒకటి పెట్టుకుంది. ఐపీకాన్ఫిగ్‌లో ఈథర్‌నెట్ అన్న మాటే లేకపోతే కార్డు కనబడట్లేదు. మీడియా డిస్‌కనెక్టెడ్ అని వస్తే కేబుల్ దగ్గరే ఆగిపోయింది. ఇవి మూడూ మూడు వేరే జబ్బులు. ఫోనులో మాత్రం మూడింటికీ ‘నెట్ రావట్లేదు’ అనే చెబుతారు.

అడ్రస్ ఇచ్చిపుచ్చుకోవడం నాలుగు అడుగుల్లో జరుగుతుంది. 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2131లో రాసిపెట్టిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. సిస్టమ్ ‘డిస్కవర్’ అని అందరికీ వినబడేలా అడుగుతుంది. సర్వర్ ‘ఆఫర్’ ఇస్తుంది. ఆ అడ్రసే కావాలని సిస్టమ్ ‘రిక్వెస్ట్’ పెడుతుంది. సరే తీసుకో అని సర్వర్ ‘అక్’ పంపుతుంది. సర్వర్ వినేది యూడీపీ 67లో, సిస్టమ్ వినేది 68లో.

ఇచ్చిన అడ్రస్ గడువుకి ఇచ్చినదే. గడువులో సగం కాగానే సిస్టమ్ అదే సర్వర్‌ని పొడిగించమని అడుగుతుంది. పలకకపోతే, ఎనిమిదింట ఏడొంతుల గడువు దాటాక ఎవరున్నా సరే అని మళ్ళీ అందరినీ అడుగుతుంది. పైగా విండోస్ సిస్టమ్‌ని ఆపి మళ్ళీ వేసినప్పుడు పాత గడువు ఇంకా మిగిలుంటే, సర్వర్ పలకకపోయినా గేట్‌వేకి (బయటికి దారి చూపే యంత్రానికి) పలుకుతోందా అని ఒక పింగ్ కొట్టి చూస్తుంది. గేట్‌వే పలికిందా, పాత అడ్రస్‌తోనే సాగిపోతుంది. ‘సగం సిస్టమ్‌లకి వస్తోంది సార్, సగానికి రావట్లేదు, సర్వర్ బాగానే ఉన్నట్టుంది’ అనే మాటని నేను అంత తేలిగ్గా నమ్మనిది ఇందుకే. వస్తున్నవాటిది నిన్నటి ఐపీ కావచ్చు. నమ్మకంగా తేల్చుకోవాలంటే ఒక సిస్టమ్‌లో ఐపీకాన్ఫిగ్ స్లాష్ రిలీజ్, ఆ వెంటనే ఐపీకాన్ఫిగ్ స్లాష్ రెన్యూ కొట్టాలి.

చిక్కుని రెండు ముక్కలు చేసే పరీక్ష

ల్యాబులో ఏదో ఒక సిస్టమ్ తీసుకుని దానికి చేత్తో 10.10.0.50 ఇవ్వండి, మాస్కు 255.255.255.0. పంచే వరసలో లేని నంబరే వాడాలి, లేకపోతే రేపు ఇంకో గొడవ. ఇప్పుడు 10.10.0.1కి పింగ్ కొట్టండి. జవాబొస్తే కేబుళ్ళు, స్విచ్, రెండు వైపులా కార్డులు అన్నీ బాగున్నట్టే, తప్పు చాలావరకు డీహెచ్‌సీపీ సర్వీసులో ఉంది. కింద సర్వర్ భాగానికి వెళ్ళిపోండి. జవాబు రాకపోతే సర్వర్ ఫైళ్ళు ముట్టుకోవద్దు. బాగున్న కాన్ఫిగరేషన్‌ని కంగారులో పాడుచేసి, కార్డు దొరికాక కూడా పనిచేయకుండా చేసుకున్న ల్యాబులు నేను చూశాను.

‘కార్డు కనబడట్లేదు’ అంటే ఏది కనబడట్లేదు?

సర్వర్‌కి మానిటరూ కీబోర్డూ తగిలించి కూర్చోండి. మొదట ఎల్‌ఎస్‌పీసీఐ మైనస్ ఎన్‌ఎన్‌కే కొట్టండి. మదర్‌బోర్డు మీద, స్లాటుల్లో ఉన్న పరికరాలన్నీ వస్తాయి. ఈథర్‌నెట్ కంట్రోలర్ అన్న వరసలు వెతకండి. ప్రతి వరస చివర చదరపు బ్రాకెట్లో రెండు ముక్కల కోడ్ ఉంటుంది. మొదటి ముక్క 8086 అయితే ఇంటెల్ వాళ్ళది, పాత ప్రాసెసర్ పేరునే వాళ్ళు గుర్తు నంబరుగా తీసుకున్నారు. 10ఈసీ అయితే రియల్‌టెక్. మన దగ్గర కనబడే కార్డుల్లో ఎక్కువ భాగం ఈ రెండింట్లో ఒకటే. రెండో ముక్క చిప్పు నంబరు. దాన్ని కాగితం మీద రాసుకోండి, డ్రైవర్ వెతకాల్సి వస్తే పెట్టె మీద పేరుకన్నా అదే పనికొస్తుంది.

రెండు కార్డులుండాల్సిన చోట ఒకటే వస్తే అది విద్యుత్తు, బిగింపుల సమస్య. ఉబుంటుని తిట్టి లాభంలేదు. షట్‌డౌన్ చేశాక కూడా మదర్‌బోర్డుకి స్టాండ్‌బై కరెంటు పారుతూనే ఉంటుంది. కాబట్టి ప్లగ్గు పీకి, పవర్ బటన్ కొద్ది సెకన్లు నొక్కిపట్టి, కాసేపాగి మళ్ళీ పెట్టండి. నిద్రలోకి జారుకుని లేవని ఆన్‌బోర్డ్ కార్డులు చాలాసార్లు ఇంతటితోనే లేస్తాయి. లేవకపోతే బయోస్‌లోకి వెళ్ళి ఆన్‌బోర్డ్ ల్యాన్ ఎనేబుల్ అయి ఉందో లేదో చూడండి. సీమాస్ బ్యాటరీ అయిపోయి సెట్టింగులు తారుమారైన పాత సిస్టమ్‌లలో ఇది మామూలే. విడి కార్డయితే విప్పి, బంగారు రంగు పళ్ళని పెన్సిల్ రబ్బరుతో తుడిచి, వేరే స్లాటులో గట్టిగా కూర్చోబెట్టండి. కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాటులో ఎస్‌ఎస్‌డీ పెడితే ఒక పీసీఐ స్లాటు పనిచేయడం మానేస్తుంది, రెండూ ఒకే దారి పంచుకుంటాయి. బోర్డు మాన్యువల్లో చిన్నక్షరాల్లో రాసి ఉంటుంది.

ఇవన్నీ అయ్యాక కూడా రాకపోతే, ముందురోజు సాయంత్రం ఉరిమిందేమో గుర్తు చేసుకోండి. పిడుగు మన బిల్డింగు మీదే పడక్కర్లేదు. ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకి ఆరుబయట లాగిన రాగి కేబుల్ చాలు, ఆ పోటు నేరుగా పోర్టులోకి వస్తుంది. ఆన్‌బోర్డ్ పోర్టు అలా పోతే మదర్‌బోర్డు మార్చక్కర్లేదు, విడి కార్డు ఒకటి వేసి బయోస్‌లో పాతదాన్ని ఆపేయండి. బ్లాకుల మధ్య మాత్రం ఫైబరే వేయించండి. ప్రిన్సిపాల్ గారు ఖర్చంటే, కాలిన పోర్టుల స్విచ్ ఒకటి తీసుకెళ్ళి వారి బల్ల మీద పెట్టండి. నేనైతే అదే చేశాను, ఫైలు కదిలింది.

కార్డు వరస వచ్చి, దాని కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అన్న లైను లేకపోతే అది డ్రైవర్ సమస్య. ఇందులో నేను ఎక్కువగా చూసేవి రెండు రకాలు. మొదటిది కొత్త కార్డు, పాత ఉబుంటు. ఇప్పుడొస్తున్న 2.5 గిగాబిట్ రియల్‌టెక్ 8125 చిప్పుకి 18.04తో మొదట వచ్చిన 4.15 కెర్నల్‌లో, అంటే ఉబుంటు లోపలి మూల ప్రోగ్రామ్‌లో, చోటులేదు. కెర్నల్ పెంచితే సరి, డ్రైవర్ కోసం ఎక్కడెక్కడో వెతకక్కర్లేదు.

రెండోది ‘నిన్నటిదాకా బాగానే ఉంది, అప్‌డేట్ అయ్యాక కార్డు మాయం’ అనే రకం. ఎవరో ఎప్పుడో ఆర్8168 అనే విడి డ్రైవర్‌ని డీకేఎంఎస్ పద్ధతిలో వేసి ఉంటారు. అది వేసినప్పుడు కెర్నల్‌తో వచ్చే ఆర్8169ని లేవనివ్వకుండా బ్లాక్‌లిస్టులో పెట్టేస్తుంది. కెర్నల్ మారగానే విడి డ్రైవర్‌ని మళ్ళీ తయారు చేసుకోవాలి. హెడర్ల ప్యాకేజీ లేక తయారీ తప్పిందా, అదీ లేదు, ఇదీ లేదు. బూట్ మెనూలో పాత కెర్నల్‌తో లేపి చూడండి. కార్డు కనబడితే జబ్బు ఇదే. నా సలహా, ఆ విడి ప్యాకేజీని తీసేసి ఆర్8169నే వాడటం. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న సిస్టమ్‌లో అయితే సంతకం లేని డ్రైవర్‌ని కెర్నల్ లోపలికి రానివ్వదు. డ్రైవర్‌ని ఎక్కించే మోడ్‌ప్రోబ్ కమాండ్ కొట్టినప్పుడు ‘కీ వజ్ రిజెక్టెడ్’ అని వస్తుంది.

నెట్ లేనిదే ప్యాకేజీ రాదు, ప్యాకేజీ లేనిదే నెట్ రాదు. దీనికి అందరి జేబులోనూ మందుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ని డేటా కేబుల్‌తో సర్వర్‌కి కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఏ డ్రైవరూ వేయకుండానే ఐపీ లింక్‌లో కొత్త పేరొకటి, యూఎస్‌బీ0 అనో, ఈఎన్‌ఎక్స్ అని మొదలయ్యే పొడుగాటి పేరో కనిపిస్తుంది. సర్వర్ వెర్షన్‌లో దానికి అడ్రస్ తనంతట రాదు, నెట్‌ప్లాన్ ఫైల్లో (కార్డుల సెట్టింగులుండే ఫైలు) ఆ పేరు రాసి డీహెచ్‌సీపీ4 ట్రూ అని పెట్టాలి. పనయ్యాక ఆ లైన్లు తీసేయడం మరిచిపోవద్దు.

పేరు మారిన కార్డు

ఇప్పుడు అసలు గడుసు కేసు. మా సర్వర్‌లో బయటి లైను కార్డు పేరు ఈఎన్‌పీ2ఎస్0, ల్యాబు కార్డు పేరు ఈఎన్‌పీ3ఎస్0. ఈ పేర్లు గాల్లోంచి రాలేదు. ఈఎన్ అంటే ఈథర్‌నెట్, పీ తర్వాతి అంకె పీసీఐ బస్ నంబరు, ఎస్ తర్వాతిది స్లాటు. కార్డు ఎక్కడ కూర్చుందో దాన్నిబట్టి పేరు పడుతుంది. పాతకాలంలో ఈథ్0, ఈథ్1 ఏది ముందు లేస్తే దానికి పడేవి కాబట్టి, పేరు నిలకడగా ఉండాలని ఈ పద్ధతి తెచ్చారు. నిలకడగానే ఉంటుంది, కేబినెట్ విప్పనంతవరకు.

ఒకసారి సర్వర్‌లో జాగా చాలడంలేదని సర్వీసు కుర్రాడు వచ్చి ఎం.2 ఎస్‌ఎస్‌డీ ఒకటి బిగించి వెళ్ళాడు. పని శుభ్రంగానే చేశాడు. మర్నాడు మొత్తం ల్యాబుకి 169.254. సర్వర్ దగ్గర కూర్చుంటే అన్నీ సవ్యంగానే ఉన్నాయి. ఎల్‌ఎస్‌పీసీఐలో రెండు కార్డులూ ఉన్నాయి, రెండింటికీ డ్రైవర్ ఉంది. డీహెచ్‌సీపీ సర్వీసు పచ్చగా నడుస్తోంది. లాగ్‌లో తప్పన్నది లేదు. ఐపీ మైనస్ బీఆర్ అడ్రస్ కొడితే ఈఎన్‌పీ3ఎస్0 అప్ అని, పక్కనే 10.10.0.1 అని చూపిస్తోంది. కానీ ల్యాబు సిస్టమ్ నుంచి పింగ్ పోదు.

జరిగిందేమిటంటే, కొత్త ఎస్‌ఎస్‌డీ పీసీఐ వరసలో ముందుకొచ్చి కూర్చుంది. దాంతో వెనకున్నవాళ్ళంతా ఒక్కో నంబరు జరిగారు. ఈఎన్‌పీ2ఎస్0గా ఉన్న బయటి కార్డు ఈఎన్‌పీ3ఎస్0 అయింది. ఈఎన్‌పీ3ఎస్0గా ఉన్న ల్యాబు కార్డు ఈఎన్‌పీ4ఎస్0 అయింది. ఫైళ్ళలో మాత్రం పాత పేర్లే. కాబట్టి 10.10.0.1 వెళ్ళి బయటి లైను కార్డు మీద కూర్చుంది, మా డీహెచ్‌సీపీ సర్వర్ ఇంటర్నెట్ కంపెనీ రౌటర్ వైపు మొహం పెట్టి ఐపీలు పంచడానికి సిద్ధంగా నిలబడింది. ల్యాబు కార్డు ఏ ఫైల్లోనూ పేరు లేక, అడ్రస్ లేక, డౌన్ అని పడుంది. ఒక్క పేరే జరిగి ఉంటే సర్వర్ మొరాయించి ఎర్రగా చూపించేది, వెంటనే దొరికేది. రెండూ ఒకేసారి జరగడంతో పాత పేరుకి కొత్త యజమాని దొరికాడు.

పట్టుకోవడం తేలికే, అనుమానం రావాలంతే. ఐపీ మైనస్ బీఆర్ లింక్ కొడితే ప్రతి పేరు పక్కన మ్యాక్ అడ్రస్, అంటే తయారీలోనే కార్డుకి పడ్డ గుర్తు నంబరు, వస్తుంది. విడి కార్డు మీద స్టిక్కరు ఉంటుంది, దాంతో పోల్చండి. స్టిక్కరు లేకపోతే డౌన్ అని ఉన్న కార్డుని ముందు లేపండి, ఐపీ లింక్ సెట్, దాని పేరు, అప్. తర్వాత ల్యాబు స్విచ్‌కి పోయే కేబుల్ పీకి మళ్ళీ చూడండి. ఏ పేరు పక్కన నో క్యారియర్ పడిందో అదే ల్యాబు కార్డు. ముందు లేపకుండా కేబుల్ పీకితే ఏమీ తెలియదు, డౌన్‌లో ఉన్న కార్డు కేబుల్ సంగతి పట్టించుకోదు. ఈథ్‌టూల్ మైనస్ పీ కొడితే కార్డు లైటు మినుకుమినుకుమంటుందిగానీ అన్ని డ్రైవర్లూ దాన్ని వినవు. కేబుల్ పీకడమే నమ్మకం. కెర్నల్ మొదట పెట్టిన ఈథ్ పేర్లు కావాలంటే డీఎంఈఎస్‌జీలో ‘రీనేమ్డ్ ఫ్రమ్ ఈథ్0’ అన్న లైన్లు చూడండి, ఈ బూట్‌లో ఎవరికి ఏ పేరు పడిందో తెలుస్తుంది.

శాశ్వతంగా సరిచేయాలంటే పేరుని స్లాటుకి కాకుండా మ్యాక్‌కి కట్టేయాలి. ఈటీసీలో నెట్‌ప్లాన్ ఫోల్డర్లోని ఫైలు తెరిచి, ప్రతి కార్డు కింద మ్యాచ్ అని రాసి అందులో మ్యాక్‌అడ్రస్ ఇవ్వండి, దాని కింద సెట్-నేమ్ అని మీకు నచ్చిన పేరు పెట్టండి. మేము ల్యాబ్0, బయట0 అని పెట్టుకున్నాం, సహజంగా ఇంగ్లీషు అక్షరాల్లోనే. పేరు చూడగానే పని తెలిసిపోవాలి. ఆ ఫైల్లో ట్యాబులు పనికిరావు, స్పేసులే కొట్టాలి. నేరుగా నెట్‌ప్లాన్ అప్లై కొట్టకండి, నెట్‌ప్లాన్ ట్రై కొట్టండి. 120 సెకన్లలో మీరు ఎంటర్ నొక్కకపోతే పాత సెట్టింగు తిరిగి వస్తుంది, దూరం నుంచి పనిచేస్తున్నప్పుడు అదే ప్రాణం కాపాడుతుంది. ఆ తర్వాత ఈటీసీ, డిఫాల్ట్, ఐఎస్‌సీ-డీహెచ్‌సీపీ-సర్వర్ ఫైల్లో ఇంటర్‌ఫేసెస్‌వీ4 దగ్గర కూడా కొత్త పేరు మార్చి, ఒకసారి పూర్తిగా రీబూట్ చేయండి. రేపు కార్డు కాలిపోయి కొత్తది వేస్తే మ్యాక్ మారుతుంది, అప్పుడు ఆ ఒక్క నెట్‌ప్లాన్ ఫైలు తాకితే చాలు.

పేరు ఉంది, కానీ నో క్యారియర్

ఇది కేబుల్. స్విచ్‌లో వేరే పోర్టు, వేరే ప్యాచ్ కార్డ్, అంతే. అయితే లింక్ వచ్చి కూడా నెమ్మదిగా ఉంటే ఈథ్‌టూల్‌తో వేగం చూడండి. 1000 రావాల్సిన చోట 100 వస్తోందంటే నాలుగు జతల్లో ఏదో తెగింది. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, 100కి 1, 2, 3, 6 పిన్నుల మీదున్న రెండు జతలు చాలు. ట్రంకింగ్ మూత తీసి చూడండి, మా దగ్గర పదికి తొమ్మిదిసార్లు ఎలుకే.

ల్యాబు సిస్టమ్‌ల వైపు విండోస్‌లో డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు మీద నొక్కితే కోడ్ ఉంటుంది. 28 అంటే డ్రైవర్ వేయలేదు. 10 అంటే డ్రైవర్ ఉన్నా పరికరం లేవలేదు, ప్లగ్గు పీకే వైద్యం మొదట దానికే. వ్యూ మెనూలో హిడెన్ డివైసెస్ చూపించమంటే మసకగా కనబడేవి ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేని కార్డులు. విండోస్, లైనక్స్ రెండూ ఉన్న సిస్టమ్‌లో లైనక్స్ వైపు మాత్రమే కార్డు మొరాయిస్తే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపి చూడండి. అది ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో కార్డుని వదిలిపోతుంది.

ఇప్పుడు సర్వర్

పింగ్ పోతోంది, ఐపీ మాత్రం రావట్లేదు. జర్నల్‌సీటీఎల్ మైనస్ యూ, సర్వీసు పేరు కొట్టి చివరి లైన్లు చదవండి. ‘నో సబ్‌నెట్ డిక్లరేషన్’ అని, బ్రాకెట్లో ‘నో ఐపీవీ4 అడ్రసెస్’ అని ఉంటే సబ్‌నెట్ ఫైలు దిద్దడం మొదలుపెట్టకండి. ఆ బ్రాకెట్ మాటే అసలు కబురు, సర్వర్ వినాల్సిన కార్డుకి అడ్రస్సే లేదు. బూట్ అప్పుడు కార్డు లేవకముందే సర్వీసు లేచి చతికిలపడినా ఇదే వస్తుంది. చేత్తో రీస్టార్ట్ చేస్తే బాగుండి, ప్రతి రీబూట్‌కీ పోతుంటే కారణం అదే. సర్వీసుని నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్ తర్వాత లేచేలా పెట్టాలి.

ఫైలు దిద్దాక డీహెచ్‌సీపీడీ మైనస్ టీ కొడితే సెమికోలన్ మరిచిన లైను నంబరుతో సహా చెబుతుంది. ‘నో ఫ్రీ లీజెస్’ అని ఉంటే అడ్రస్‌లు అయిపోయాయి. ఎవరో అదే స్విచ్‌కి వైఫై పెట్టి పిల్లల ఫోన్లన్నీ ఎక్కించి ఉంటారు. గడువు ఎనిమిది గంటలుంటే పొద్దున వచ్చి వెళ్ళిన ఫోన్ సాయంత్రం దాకా అడ్రస్ పట్టుకునే ఉంటుంది. ల్యాబుకి రెండు గంటలు చాలు.

లాగ్ మూగగా ఉంటే, కార్డు మీదుగా పోయే మాటలన్నీ చూపే టీసీపీడంప్ మైనస్ ఎన్ మైనస్ ఐ, కార్డు పేరు, పోర్ట్ 67 ఆర్ పోర్ట్ 68 అని పెట్టి, ఒక సిస్టమ్‌లో రెన్యూ కొట్టించండి. డిస్కవరే రాకపోతే దారిలో స్విచ్ ఆపుతోంది. మేనేజ్డ్ స్విచ్‌లో స్పానింగ్ ట్రీ (కేబుళ్ళు చుట్టు తిరిగి కలవకుండా కాపాడే ఏర్పాటు) ఉంటే పోర్టు వెలిగాక 30 సెకన్ల దాకా దారి తెరుచుకోదు, ఈలోగా సిస్టమ్ విసిగి 169.254 పెట్టుకుంటుంది. ల్యాబు పోర్టులకి ఆ ఆలస్యం లేకుండా వెంటనే తెరిచే పోర్ట్‌ఫాస్ట్ పెట్టండి. డిస్కవర్ వచ్చి ఆఫర్ పోకపోతే మన సర్వర్ తప్పు. ఆఫర్ పోయాక సిస్టమ్ వేరెవరికో రిక్వెస్ట్ పెడుతుంటే ఇంట్లో రెండో పెద్దమనిషి ఉన్నాడు.

ఆ రెండో పెద్దమనిషి సాధారణంగా ఎవరో హాస్టల్ గదికో స్టాఫ్ రూముకో తెచ్చుకున్న ఇంటి వైఫై రౌటర్. కేబుల్‌ని దాని వ్యాన్ పోర్టులో పెట్టాల్సింది ల్యాన్ పోర్టులో పెడతారు. అది 192.168.0 అనో 192.168.1 అనో మన సిస్టమ్‌లకి ఐపీలు పంచేస్తుంది. అలా ఐపీ వచ్చిన సిస్టమ్‌లో ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ కొడితే డీహెచ్‌సీపీ సర్వర్ లైనులో దాని అడ్రస్ ఉంటుంది. ఏఆర్‌పీ మైనస్ ఏ కొట్టి దాని మ్యాక్ తీసుకుని, స్విచ్ మ్యాక్ టేబుల్‌లో ఏ పోర్టు మీద ఉందో చూసి ఆ కేబుల్ వెంటే నడవండి. మళ్ళీ రాకుండా స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ (వేరే పోర్టుల నుంచి ఐపీలు పంచనివ్వని కాపలా) ఆన్ చేసి, సర్వర్ తగిలిన ఒక్క పోర్టునే ట్రస్టెడ్ అని పెట్టండి. ఈ సౌకర్యం లేని స్విచ్‌లతో నెట్టుకొస్తున్నవాళ్ళు ఆ కేబుల్‌నే నమ్ముకోవాలి.

రెండు సిస్టమ్‌లకి ఒకే ఐపీ వస్తోందా? ఒక ఉబుంటు సర్వర్ ఇమేజ్‌ని అన్నింట్లోకీ క్లోన్ చేశారా అని అడగండి. మెషీన్-ఐడీ కూడా క్లోన్ అయిపోతుంది, దాన్నిబట్టే డీహెచ్‌సీపీలో తన గుర్తింపు చెప్పుకుంటుంది కాబట్టి సర్వర్ దృష్టిలో అవన్నీ ఒకే మనిషి. నెట్‌ప్లాన్‌లో డీహెచ్‌సీపీ-ఐడెంటిఫయర్ దగ్గర మ్యాక్ అని పెట్టండి. ఇంకా మంచిది, క్లోన్ తీసేముందే ఇమేజ్‌లో మెషీన్-ఐడీ ఫైలు ఖాళీ చేయడం.

కొత్తగా సర్వర్ కడుతున్నవాళ్ళు మాత్రం ఐఎస్‌సీ డీహెచ్‌సీపీతో మొదలుపెట్టకండి. దాన్ని చేసినవాళ్ళే 2022 చివర్లో నిర్వహణ ఆపేసి తమ కొత్త సర్వర్ కియాకి మారమన్నారు. కియాలోనూ ఇంటర్‌ఫేసెస్ అని ఒక వరస ఉంటుంది, పేరు మారిన కార్డు గొడవ దానికీ తప్పదు. దాంట్లో ఇంకో తిరకాసు, కార్డు లేవకముందు కియా లేస్తే ఆగిపోదు, లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి నడుస్తూనే ఉంటుంది, కానీ ఎవరి మాటా వినదు. స్టేటస్ పచ్చగా ఉంది కదా అని వదిలేయకుండా ఎస్‌ఎస్ మైనస్ ఎల్‌యూఎన్ కొట్టి 67 ముందు 10.10.0.1 ఉందో లేదో చూడండి. లేకపోతే సర్వీస్-సాకెట్స్-మ్యాక్స్-రిట్రైస్ అనే సెట్టింగు మొదట్లో సున్నా ఉంటుంది, దాన్ని ఓ పదికి పెంచి రీస్టార్ట్ చేయండి.